లేతు అమ్మకండి, ముందు బండ లేపి చూడండి

ప్రశ్న: అయ్యా, నాకు 61 ఏళ్లు. బస్సు డిపోలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలన్న ఆశతో ఆరు నెలల కిందట ప్రొద్దుటూరులో ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర నాలుగున్నర అడుగుల లేతు (కడ్డీని తిప్పుతూ టూలుతో కోసే మిషన్) కొన్నాను. దించడానికే ఆరుగురు మనుషులు పట్టారు. నాపబండల నేల మీద పెట్టి నాలుగు కాళ్లకూ బోల్టులు బిర్రుగా బిగించాను. ఇల్లు కట్టగా మిగిలిన కమ్మీ ముక్కల మీద చేయి తిప్పుకుంటున్నాను. బయటి కొసకు ఆసరాగా ఉండే టెయిల్‌స్టాక్ ఆనించకుండా 150 మి.మీ. పొడవున టర్నింగ్ (కడ్డీని తిప్పి కోయడం) చేస్తే బయటి కొస 0.06 మి.మీ. సన్నగా వస్తోంది. పైగా ఒళ్లంతా అలలు అలలుగా గీతలు పడుతున్నాయి. ముక్కను తెంపే పార్టింగ్ టూళ్లు రెండు విరిగాయి. మొన్న 6206 నంబరు బేరింగు కోసం షాఫ్టు చేసి సాయంత్రం కొలిస్తే కొలత సరిగ్గా ఉంది, తెల్లవారి బేరింగు ఎక్కిస్తే వదులుగా జారిపోయింది. లేతుకున్న 2 హార్స్‌పవర్ మోటారు త్రీఫేజుది, ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజు. కెపాసిటర్ పెట్టి నడుపుతుంటే మోటారు కాలిపోయేలా వేడెక్కుతోంది. పొలం బోరు లైను నుంచి వైరు లాగమని ఒకరి సలహా. ఈ ఇనుప గుట్టను అమ్మేసి ఆన్‌లైనులో దొరికే చిన్న కొత్త లేతు కొనుక్కోమని మా అబ్బాయి. కాళ్లకు గుచ్చుకునే రజను చూసి మా ఆవిడకు కోపం. పన్నెండేళ్ల మనవడు మాత్రం మిషన్ దగ్గర నుంచి కదలడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: లేతు అమ్మకండి. కనీసం రెండు ఆదివారాలు దాని మీద పెట్టేదాకా అమ్మే మాట ఎత్తకండి. మీరు రాసిన కష్టాల్లో పెద్దది లేతుది కాదు, దాని కాళ్ల కింద ఉన్న నేలది. మిగిలినవి టూలువి, కమ్మీవి, కొంత తొందరవి.

మీరు ఒక మంచి పని చేశారు. ఏ కొస సన్నగా వస్తోందో రాశారు. నాకు వచ్చే ఉత్తరాల్లో పదింట తొమ్మిది ‘టేపర్ వస్తోంది’, అంటే ఒక కొస లావు, ఒక కొస సన్నం అని ఊరుకుంటాయి. కడుపునొప్పి అని మాత్రం చెప్పి ఎక్కడో చెప్పని రోగికి వైద్యుడు ఏ మందు ఇస్తాడు? బయటి కొస లావుగా వస్తే ఒక జబ్బు, సన్నగా వస్తే ఇంకొకటి.

లావుగా వస్తే మొదటి అనుమానం వంపు మీద. 20 మి.మీ. ఉక్కు కడ్డీ, దాన్ని పట్టి తిప్పే చక్కులోంచి 150 మి.మీ. బయటికి ఉందనుకోండి. కొసన పది కిలోల బలంతో టూలు నెడితే అది సుమారు 0.07 మి.మీ. వెనక్కి వంగుతుంది. వంగిన మేరకు కోత తప్పించుకుంటుంది కాబట్టి ఆ కొస వ్యాసంలో 0.14 లావుగా మిగిలిపోతుంది. పొడవు రెట్టింపు చేస్తే వంపు 8 రెట్లు అవుతుంది. అదే వ్యాసం రెట్టింపు చేస్తే 16వ వంతుకు పడిపోతుంది. పొడుగాటి సన్న కడ్డీకి టెయిల్‌స్టాక్ ఆనించాలని పెద్ద టర్నర్లు పట్టుబట్టేది ఇందుకే.

మీ కడ్డీ మాత్రం బయటి కొసన సన్నబడుతోంది. కడ్డీ తనంతట తాను టూలు వైపు వంగి రాదు గదా. అంటే బయటికి జరిగేకొద్దీ టూలే కడ్డీ నడిమధ్యకు దగ్గరవుతోంది. వంపు కొంత దీన్ని దాచిపెట్టి ఉంటుంది కూడా, కాబట్టి అసలు తేడా మీరు కొలిచిన 0.06 కంటే ఎక్కువే ఉండవచ్చు. టూలును మోసే క్యారేజి బెడ్డు మీద నడుస్తుంది. బెడ్డు మెలిపడితే క్యారేజి ఒరుగుతుంది. అరటన్ను పోత ఇనుము మెలిపడుతుందా అని మీకు అనుమానం రావచ్చు. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే ఏమవుతుంది? మంచం ఊగుతుంది. ఊగకుండా ఆ కోడును నేలకు మేకు కొట్టి బిగిస్తే పట్టె మెలిపడుతుంది. మీరు బోల్టులు ‘బిర్రుగా’ బిగించడమంటే అదే. కాలు నేలకు ఆనలేదు, బోల్టు దాన్ని నేలకు లాగింది.

ఏ కాలో కూడా ఇక్కడి నుంచే చెప్పవచ్చు. టూలు మీ వైపు నుంచి కోస్తుంది. అది కడ్డీ మధ్యకు దగ్గరవుతోందంటే టెయిల్‌స్టాక్ వైపు బెడ్డు మీకు ఎదుటి దిక్కుకు, అంటే గోడ వైపుకు ఒరిగిందన్న మాట. అటు వెనక కాలు కుంగి ఉండాలి. చెక్క సుత్తి తీసుకుని ఆ కాలి చుట్టూ బండల మీద తట్టి చూడండి. గట్టిగా కూర్చున్న బండ ఠంగుమంటుంది. కింద బోలుగా ఉన్నది కుండ మీద తట్టినట్టు డబడబలాడుతుంది.

మీ ప్రాంతంలో ఇది మామూలే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి ఎక్కువ. వాన పడితే ఉబ్బుతుంది, ఎండాకాలంలో చేయి దూరేంత బీటలు తీస్తుంది. దాని మీద ఇంత ఇసుక పోసి నాపబండలు పరిస్తే మంచం వేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, చల్లగానూ ఉంటుంది. బండలో లోపం లేదు, నునుపులో దానికి సాటి లేదు. కానీ ఒక్కొక్క బండ ఒక్కొక్క తీరున కుంగుతుంది. మీ లేతు నాలుగు కాళ్లు నాలుగు బండల మీద ఉన్నాయంటే నాలుగు పడవల మీద ఉన్నట్టే.

కాబట్టి ముందు బోల్టులు నాలుగూ వదులు చేయండి. అంతమాత్రానికే టేపర్ తగ్గితే మన అనుమానం నిజమని తేలినట్టు. ఆ తర్వాత ఒక రోజు కూలి పెట్టి లేతును పక్కకు జరిపించి, దాని కింద బండలన్నీ లేపించండి. రెండడుగుల లోతు రేగడి తీసేసి, గరుసు పోసి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించి, పైన ఇనుప జాలీ వేసి ఆరు అంగుళాల కాంక్రీటు పోయించండి. కాళ్ల కింద విడివిడిగా నాలుగు దిమ్మెలు వద్దు. లేతు మొత్తానికి ఒకే దిమ్మె కావాలి. రేగడి నేల ఎలాగూ కదులుతుంది, కదిలితే మొత్తం ఒక్కటిగా కదలాలి. మూడు వారాలు నీళ్లు పట్టండి. ఈలోగా చేయడానికి వేరే పనులు కింద రాస్తున్నాను.

మేస్త్రీ రసమట్టం పెట్టి బెడ్డును సరిచూస్తాననకండి. మీటరు పొడవుకు అర మిల్లీమీటరు తేడా వచ్చినా దాని బుడగకు సరిగ్గా తెలియదు. మిషన్లకు వాడే రసమట్టం మీటరుకు 0.02 తేడాను కూడా చూపిస్తుంది, కానీ దాని ధర చూస్తే మీకు కోపం వస్తుంది. అది లేకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే బెడ్డు నేలకు సమంగా ఉండడం కాదు ముఖ్యం, మెలి లేకుండా ఉండడం. ఓడల్లో కూడా లేతులు ఉంటాయి. అలల మీద ఊగుతూనే తిన్నగా కోస్తాయి.

మెలిని లేతే చెబుతుంది. 40 మి.మీ. మైల్డ్ స్టీలు కడ్డీ ఒకటి చక్కులో గట్టిగా పట్టండి, బయటికి 170 మి.మీ. ఉండాలి. మధ్య భాగాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు లోతుగా తీసేసి, చక్కు దగ్గర ఒకటి, కొసన ఒకటి, వేలు వెడల్పు పట్టీలు రెండు వదలండి. బాగా సానపట్టిన టూలుతో, క్రాస్ స్లైడ్ (టూలును కడ్డీ వైపు జరిపే భాగం) కదపకుండా, ఒకే పోతలో రెండు పట్టీల మీదా పలచటి కోత తీయండి. 0.1 మి.మీ. లోతు చాలు. కడ్డీ లావుగా, కోత పలచగా ఉంది కాబట్టి వంపు బాధ ఉండదు. చక్కు అరిగిపోయి కడ్డీ వంకరగా పట్టినా కూడా లెక్కలేదు, పట్టిన చోటే కోస్తున్నాం కాబట్టి. మైక్రోమీటరుతో రెండు పట్టీలూ కొలవండి. కొస పట్టీ సన్నగా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు వెనక కాలి కింద ఒక పలచని రేకు పెట్టి, బోల్టు మామూలుగా బిగించి, మళ్లీ కోసి, మళ్లీ కొలవండి. కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా గోడ సుమారు 0.1 మి.మీ. మందం ఉంటుంది, కత్తెరతో తెగుతుంది. నేను అదే వాడతాను. 150 మి.మీ. దూరానికి 0.01 తేడాలోకి వస్తే ఆపేయండి. అంతకంటే సన్నగా వెంటాడితే ఆ వయసు లేతు మీకూ మీ నిద్రకూ వైరం పెడుతుంది.

ఒక్క హెచ్చరిక: ఈ పరీక్ష పూర్తయ్యేదాకా చక్కును మోసే హెడ్‌స్టాక్ బోల్టుల మీద చేయి వేయవద్దు. నేల తప్పును హెడ్‌స్టాక్ జరిపి సరిదిద్దినవాళ్లను చూశాను. వానాకాలం వెళ్లాక రెండు తప్పులు తయారవుతాయి.

ఇక అలల సంగతి. మీరు చేయి తిప్పుకుంటున్న ఆ కమ్మీ ముక్కలను దయచేసి పక్కింటివాళ్ల పందిరికి ఇచ్చేయండి. ఇప్పటి ఇళ్లకు వాడే టీఎంటీ కమ్మీని ఎర్రగా ఉండగానే నీళ్లతో చల్లారుస్తారు. పై పొర గట్టిపడి లోపల మెత్తగా ఉంటుంది. కాంక్రీటును పట్టుకోవడానికి ఒంటి నిండా గట్లు ఉంటాయి. ఆ గట్లు చుట్టు చుట్టుకూ టూలును సుత్తితో కొట్టినట్టు కొడతాయి. పని నేర్చుకునేవాడికి అంతకంటే చెడ్డ గురువు లేడు. ప్రొద్దుటూరులోనో కడపలోనో ఉక్కు దుకాణంలో ‘బ్రైట్ బార్’ అని అడగండి, 25 మి.మీ. మైల్డ్ స్టీలు ఒక మూడడుగులు తెచ్చుకోండి. షాఫ్టులకైతే ఈఎన్ 8 అనే రకం. అది కొంచెం గట్టిది, కానీ మర్యాదగా తెగుతుంది.

దాని మీదా అలలు వస్తే ముందు టూలు ఎత్తు చూడండి. టూలు మొన సరిగ్గా కడ్డీ నడిమధ్య ఎత్తులో ఉండాలి. మిషన్ ఆపి, ఆరంగుళాల ఉక్కు స్కేలును కడ్డీకీ టూలు మొనకూ మధ్య నిలువుగా పెట్టి, క్రాస్ స్లైడ్‌ను మెల్లగా తిప్పి చిక్కించండి. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరి. స్కేలు పై కొస మీ వైపు వాలితే టూలు కిందికి ఉంది, కడ్డీ వైపు వాలితే టూలు పైకి ఉంది. డిపోలో ఎన్ని ఫీలర్ గేజీలు చూసి ఉంటారో మీరు, ఈ తమాషా మాత్రం మీకు నచ్చుతుంది. టూలు కింద హాక్సా బ్లేడు ముక్కలు పెట్టి ఎత్తు సరిచేసుకోవచ్చు. టూల్‌పోస్టు నుంచి టూలు ఎంత తక్కువ బయటికి ఉంటే అంత మంచిది. తన మందానికి ఒకటిన్నర రెట్లు దాటనివ్వకండి.

తర్వాత వేగం. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూలుతో మైల్డ్ స్టీలుకు ఒక చిట్కా లెక్క ఉంది: 8,500ను కడ్డీ వ్యాసంతో భాగించండి, నిమిషానికి చుట్లు వస్తాయి. 25 మి.మీ. కడ్డీకి 340, 50 మి.మీ. కడ్డీకి 170. పోత ఇనుముకు ఇందులో మూడో వంతు తగ్గించండి, ఇత్తడికి రెట్టింపు చేయండి. అలలు వచ్చినప్పుడు కొత్తవాళ్లు వేగం అలాగే ఉంచి టూలును భయం భయంగా నడుపుతారు. చేయాల్సింది తలకిందులు. చుట్లు తగ్గించి, ఫీడు (చుట్టుకు టూలు జరిగే దూరం) పెంచాలి. కిందటి చుట్టు వదిలిన అల మీద టూలు ఎక్కి దిగుతూ కొత్త అలను చెక్కుతుంటుంది, అందుకే ఒకసారి మొదలైతే ఆగదు. టూలు మందమైన కోతలో లోతుగా కూర్చుంటే ఎగరడానికి సందు దొరకదు. ఆ అరుపు ఆగి, నూనెలో గారె వేగినట్టు సుయ్యిమనే చప్పుడు వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

అప్పటికీ ఆగకపోతే క్రాస్ స్లైడ్ పక్కన ఉండి దాని వదులును సరిచేసే జిబ్ స్క్రూలు చూడండి. హ్యాండిల్ తిప్పితే కాస్త బరువుగా, ఎక్కడా పట్టేయకుండా కదలాలి. ఆఖరున చక్కును తిప్పే ఇరుసు, అదే స్పిండిల్. చక్కు మీద డయల్ గేజి ఆనించి, చక్కు కింద చెక్క దుంగ పెట్టి మెల్లగా ఎత్తండి. ముల్లు రెండు మూడు గీతలు కదిలితే మామూలే. పది గీతలు కదిలితే బేరింగుల పని పడింది. మీ వయసు లేతుల్లో చాలావాటికి గన్‌మెటల్ బుష్‌లే ఉంటాయి, బిగించుకోవడానికి వీలుంటుంది. రోజూ నూనె పోయడం మరవకపోతే అవి మనకంటే ఎక్కువ కాలం బతుకుతాయి.

పార్టింగ్ టూలు గురించి క్లుప్తంగా చెబుతాను. చక్కుకు అతుక్కున్నంత దగ్గరగా కోయండి, క్యారేజి లాక్ చేయండి, చుట్లు సగానికి తగ్గించండి, బ్రష్‌తో నూనె పెడుతూనే ఉండండి, మధ్యలో తటపటాయించకండి. ఇంత చేసినా దిమ్మె వేసి జిబ్బులు సరిచేసేదాకా మీకు అది అచ్చిరాదు. అప్పటిదాకా హాక్సాతో కోసి ముఖం టర్నింగ్ చేసుకోండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. ముప్ఫై ఏళ్లు లేతు మీద ఉన్న నేను ఇప్పటికీ 40 మి.మీ. దాటితే హాక్సా వైపే చూస్తాను.

బేరింగు జారిపోయిన కథ చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే అది నా కథ కూడా. కర్నూలులో పని నేర్చుకునే రోజుల్లో ఒక మే నెల మధ్యాహ్నం పది షాఫ్టులు అలాగే పాడుచేశాను. ఉక్కు మీటరు పొడవుకు, ఒక్కొక్క డిగ్రీ వేడికి, 0.012 మి.మీ. పెరుగుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది. నూనె పెట్టకుండా ఎడాపెడా కోసిన షాఫ్టు చేతికి చురుక్కుమనేంత వేడెక్కుతుంది, గదికంటే 40 డిగ్రీలు ఎక్కువ అనుకుందాం. 30 మి.మీ. షాఫ్టు అప్పుడు 0.014 మి.మీ. లావుగా ఉంటుంది. 6206 బేరింగు రంధ్రం 30 మి.మీ. అది షాఫ్టు మీద బిగుతుగా కూర్చోవడానికి మనం వదిలే మందం మిల్లీమీటరులో ఒక నూరోవంతు అటూ ఇటూ మాత్రమే. వేడి మీద మీరు కొలిచిన ఆ బిగువంతా రాత్రికి రాత్రే ఆవిరైపోయింది.

మరి మన ఎండలకు కొలతలన్నీ తప్పేనా అని అడుగుతారేమో. కొలతలకు ప్రామాణికంగా ప్రపంచమంతా 20 డిగ్రీల సెల్సియస్ తీసుకోవాలని 1931లోనే ఒప్పుకున్నారు. మన షెడ్లలో ఆ చలి సంక్రాంతికి తెల్లవారుజామున మాత్రమే దొరుకుతుంది. అయినా భయం లేదు. గదిలో 42 డిగ్రీలు ఉంటే షాఫ్టూ 42లోనే, మైక్రోమీటరూ 42లోనే, బేరింగూ 42లోనే ఉంటాయి. మూడూ ఉక్కే, కలిసి పెరుగుతాయి. ఒక్క షాఫ్టే వేడిగా ఉన్నప్పుడే మోసం. అల్యూమినియం ముక్క అయితే మాత్రం జాగ్రత్త, అది ఉక్కుకు దాదాపు రెట్టింపు పెరుగుతుంది. కాబట్టి ఆఖరి కోతకు 0.2 మి.మీ. మిగిల్చి ఆపండి. షాఫ్టును చక్కులోంచి తీయవద్దు, తీస్తే మళ్లీ అదే మధ్యకు రాదు. టీ తాగి రండి. చేయి పెడితే చల్లగా తగిలినప్పుడు కొలిచి ముగించండి. మైక్రోమీటరును ఎండ పడే కిటికీలో పెట్టకండి.

మోటారు విషయానికి వస్తే, కెపాసిటరుతో త్రీఫేజు మోటారు తిరుగుతుంది గానీ మూడు చుట్టల మీదా భారం సమంగా పడదు. బలమూ పూర్తిగా రాదు, వేడీ తప్పదు. పొలం లైను ఆలోచన మానుకోండి. ఆ కనెక్షన్ వ్యవసాయానికి ఇచ్చినది, మిషన్‌కు వాడితే తప్పు. పైగా వాళ్లు కరెంటు ఇచ్చే వేళకు మీరు పని చేయాలి. సింగిల్ ఫేజు తీసుకుని త్రీఫేజు ఇచ్చే వీఎఫ్‌డీ అనే పెట్టె 2 హార్స్‌పవర్‌కు సరిపోయేది ఒకటి కొనండి. మోటారు మెల్లగా ఎత్తుకుంటుంది కాబట్టి ఇంట్లో దీపాలు మినుకుమనవు. గుండీ తిప్పితే వేగం కూడా మారుతుంది.

అయితే ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఆ పెట్టె ఇచ్చేది 230 వోల్టులు. మీ మోటారు స్టార్ కనెక్షన్‌లో 415కు కట్టి ఉంటే, దాన్ని డెల్టాకు మార్చాలి, లేకపోతే బలం రాదు. స్టార్, డెల్టా అంటే మోటారు చుట్టలను కలిపే రెండు పద్ధతులు. మూత విప్పి చూడండి. ఆరు వైర్లు బయటికి ఉంటే ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని. మూడే ఉంటే మోటార్లు చుట్టేవాళ్ల దగ్గరకు పంపి లోపలి స్టార్ ముడి విప్పించి ఆరు బయటికి తీయించండి. పెట్టెకూ మోటారుకూ మధ్య స్విచ్ పెట్టకండి, నడుస్తుండగా దాన్ని తీస్తే పెట్టె పాడవుతుంది. ఆన్, ఆఫ్ రెండూ పెట్టె గుండీలతోనే చేయాలి. వేగం మరీ తగ్గించాలంటే బెల్టు మార్చండి, పెట్టెతో ఈడ్చకండి. నెమ్మదిగా తిరిగే మోటారుకు దాని సొంత ఫ్యాను గాలి కూడా చాలదు. లేతుకు మీటరు దగ్గర నుంచి విడిగా లైను, విడిగా ఎంసీబీ ఉండాలి. ఎర్త్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోయడం మరవకండి. ఎండిన నేలకు ఎర్త్ ఉన్నా లేనట్టే.

మీ అబ్బాయి మాటలోనూ న్యాయం ఉంది. బల్ల మీద పెట్టుకునే ఆ చిన్న లేతులు 40, 50 కిలోలుంటాయి. ఇద్దరు ఎత్తి మేడ మీదికి తీసుకుపోవచ్చు, ఇంటి కరెంటుతో నడుస్తాయి. గడియారం ముక్కలు, బొమ్మ ఇంజన్లు చేసేవారికి అవి చక్కగా సరిపోతాయి. మీరు చేయాలనుకునేది బేరింగు షాఫ్టులు, బుష్‌లు. ఉక్కులో లోతుగా కోయాలంటే కింద బరువుండాలి, ఆ బరువు మీ దగ్గర ఇప్పటికే ఉంది. కొత్త లేతుకు పెట్టే డబ్బుతో వీఎఫ్‌డీ, దిమ్మె, బెంచ్ గ్రైండరు, మాగ్నెట్ స్టాండుతో డయల్ గేజి, నాలుగు దవడల చక్కు, రెండు మైక్రోమీటర్లు కొనుక్కోండి. మిగిలితే లైవ్ సెంటరు, అంటే టెయిల్‌స్టాక్‌లో పెట్టే, కడ్డీతో పాటే తిరిగే మొన.

కాంక్రీటు ఆరే మూడు వారాలూ గ్రైండరు దగ్గర కూర్చోండి. నిజానికి ఇంటి వర్క్‌షాపులో పనితనమంతా అక్కడే ఉంది. కార్బైడ్ టిప్పులు చూడడానికి బాగుంటాయి, కానీ వాటిలో చాలావాటికి వేగం, బలం రెండూ కావాలి. మీ లేతుకు హెచ్‌ఎస్‌ఎస్ చాలు. 10 మి.మీ. చదరపు ముక్క తీసుకుని, ముందు పక్కా ఎడమ పక్కా కిందికి 8 నుంచి 10 డిగ్రీలు వాలు పెట్టండి. పై ముఖానికి మైల్డ్ స్టీలు కోసమైతే పక్కకు ఒక 12 డిగ్రీల వాలు. ఇత్తడికి పై వాలు అసలు వద్దు, ఉంటే టూలు లోపలికి గుంజుకుంటుంది. వేడెక్కినప్పుడల్లా చేయి కాలకముందే నీళ్లలో ముంచుతూ ఉండండి. ఎర్రగా కాలిన హెచ్‌ఎస్‌ఎస్‌ను ఒక్కసారిగా నీళ్లలో వేస్తే కంటికి కనిపించని బీటలు పడతాయి. ఆఖరున మొనను నూనె రాసిన సానరాయి మీద నాలుగు సార్లు రుద్ది, కొసను బియ్యపు గింజ మొనంత గుండ్రంగా చేయండి. గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి, అప్పుడు తయారైనట్టు. అదే రాయి మీద అల్యూమినియం, ఇత్తడి రుద్దకండి, రాయి కళ్లు మూసుకుపోతాయి.

ఆవిడ కోపం న్యాయమైనదే. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి ప్లాస్టిక్ సంచిలో వేసి నేల మీద తిప్పండి, రజనంతా సంచికి అంటుకుంటుంది. చెత్తబుట్ట మీద అయస్కాంతం బయటికి లాగితే రజను కిందికి రాలిపోతుంది. షెడ్డు చెప్పులు షెడ్డులోనే వదలండి. పొడుగు చుట్టలుగా వచ్చే రజనును చేత్తో లాగవద్దు, కొక్కెంతో లాగాలి, అదీ మిషన్ ఆగాక. చేతి గ్లౌజులు, మెడలో తువ్వాలు, మణికట్టు దారాలు ఏవీ తిరిగే చక్కు దగ్గర ఉండకూడదు. నేను పనిచేసిన ఒక షెడ్డులో చక్కులో తాళం మరిచి స్విచ్ వేశాడొకడు. ఆ తాళం పైకప్పు రేకును చీల్చుకుపోయింది. ఆ రేకు రంధ్రంలోంచి పడే ఎండ చుక్కను చూసి మేం చాలా ఏళ్లు జాగ్రత్తగా ఉన్నాం. చక్కు తాళం చక్కులో ఉన్నంతసేపూ దాని మీద నుంచి చేయి తీయకూడదు. ఈ ఒక్క నియమం మీ ఇంట్లో అందరికీ నేర్పండి.

మనవడికి కళ్లద్దాలు పెట్టి, చక్కుకు ఎదురుగా కాకుండా హెడ్‌స్టాక్ పక్కన దూరంగా ఒక స్టూలు వేయండి. ఇప్పుడే హ్యాండిళ్లు ఇవ్వకండి. మొదట వైసులో పెట్టి ఆకురాయి పట్టడం నేర్పండి. ఫిట్టరు తాత ఉండగా అది పుస్తకాల్లో వెతకాల్సిన పని లేదు. దిమ్మె మీద లేతు కుదురుకున్నాక 25 మి.మీ. ఇత్తడి కడ్డీతో వాడికి ఒక బొంగరం చేసివ్వండి. చక్కులోంచి తీయకుండానే ఒళ్లూ మొనా రెండూ కోయాలి, తీసి తిప్పి పడితే బొంగరం నాట్యం చేస్తుంది. లేపి పక్కన పెట్టిన నాపబండ ఒకటి ఉంటుందిగా, దాని మీద తిప్పించండి.

నాకు మాత్రం రెండు పట్టీల కొలతలు రాసి పంపండి, రేకు పెట్టక ముందువీ పెట్టాకవీ. కొస పట్టీ లావుగా మారిందంటే రేకు ఎక్కువైంది, ఒక పొర తీసేయండి. తొలకరి వానలు పడ్డ నెలకు ఒకసారి, మార్గశిరంలో ఒకసారి మళ్లీ అదే కడ్డీతో చూడండి. ఆ కడ్డీని తుప్పు పట్టకుండా నూనె గుడ్డలో చుట్టి, మరో పనికి వాడకుండా దాచుకోండి.